కడుపు మంటకు గోలీ ఒక్కటే మందు కాదు



మిర్చి కోతలు, కళ్లాలు నడుస్తున్న రోజులు. ఈ కాలంలో మన ఊళ్లల్లో ధర తర్వాత ఎక్కువ వినపడే మాట 'గ్యాస్'. ఛాతీలో మంటొస్తే గ్యాస్, పుల్లటి తేన్పు వస్తే గ్యాస్, వీపు పట్టేసినా గ్యాసే. బీడీ కట్ట ఉన్న జేబులోనే గ్యాస్ గోలీల అట్ట కూడా ఉంటది. దీని మీద నా అభిప్రాయం రాస్తున్నా. నచ్చకపోతే వాదించండి.

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు అంటం, కిందికి ముడుచుకుంటే నల్లి అంటం. రెండింటికీ ఒకే మందు కొట్టం. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఏది దొరికితే అది కొట్టి డబ్బాలు ఖాళీ చేసినం గానీ చాలా తోటలు దక్కలేదు. అంత అనుభవం ఉండి కూడా మన కడుపు దగ్గరికి వచ్చేసరికి ఏ బాధకైనా ఒకటే గోలీ.

అసలు సంగతేందంటే, అన్నవాహిక కడుపులోకి దిగే కాడ ఒక కవాటం లాంటిది ఉంటది. మోటరు ఫుట్ వాల్వు లూజయితే నీళ్లు వెనక్కి జారినట్టే, అది వదులైతే కడుపులోని పులుపు పైకి తన్నుతది. ఆ మంటే మనం గ్యాస్ అనేది. దాన్ని వదులు చేసేవి బీడీ, మందు, కడుపు పగిలేటట్టు తినుడు. తిని పడుకున్నా, తిన్న వెంటనే వంగి పనిచేసినా పులుపు పైకి రావటం ఇంకా అల్క.

ఇప్పుడు మన రోజు చూడండి. పొద్దున్నే ఖాళీ కడుపులో రెండు టీలు. పదకొండింటికి సద్ది తిని వెంటనే మిరప సాళ్లల్లో వంగుడు. రాత్రి పదింటికి తిని, అడవి పందులకు కాపలా అని మంచె మీదనో, కళ్లంలో బస్తాల పక్కనో వెల్లకిలా పడుకునుడు. అర్ధరాత్రి గొంతులోకి పులుపు వస్తే ఇంకో గోలీ. ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. అందరికంటే ముందు లేస్తరు, అందరి తర్వాత తింటరు. వాళ్ల మంట గురించి అడిగేవాడే లేడు.

"మా తాతలు తినలేదా కారం? వాళ్లకు లేని గ్యాస్ మనకెందుకు?" అని కొందరు అంటరు. తాతలు కారం తిన్నరు నిజమే. కానీ దీపాలు పెట్టే యాళ్లకే తిన్నరు, పొద్దున అంబలి తాగిన్రు. కారం ఒక్కదాన్నే దోషిని చేయటం నాకూ ఇష్టం లేదు. కడుపులో పుండ్లకు కారం, టెన్షన్లే కారణమని ఒకప్పుడు డాక్టర్లు కూడా నమ్మిన్రు. ఎక్కువ పుండ్లకు మూలం ఒక బాక్టీరియా అని ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో తేల్చిన్రు. 2005లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పుండుకు పరీక్ష ఉంది, నయం చేసే కోర్సు ఉంది. కాకపోతే పులుపు పైకి తన్నే మనిషికి కారం, చింతపులుసు, నూనె వంటలు మంట పెంచుతయి. ఏది పడట్లేదో ఎవరికి వాళ్లు చూసుకుని తగ్గించుకోవాలె.

పుండ్లకు రెండో పెద్ద కారణం నొప్పుల గోలీలు. నడుం నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ లాంటిది మింగి, దాని మంటకు గ్యాస్ గోలీ మింగే వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నరు. ఒక చేత్తో మంట పెట్టి ఇంకో చేత్తో నీళ్లు చల్లినట్టు. పాంటోప్రజోల్ లాంటి గోలీ కూడా తిండికి అరగంట ముందు వేసుకోవాలె, డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలె. ఏండ్ల తరబడి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకండి, మంట తిరగబడతది. డాక్టర్‌ను అడిగి తగ్గించుకోండి.

ఇక టెన్షన్. "టెన్షన్ పెట్టుకోకు" అని చెప్పుడు అల్క. 2017 ఏప్రిల్‌లో ధర కూలిపోయి ఖమ్మం మార్కెట్‌లో రైతులు ఎంత రగిలిపోయిన్రో మనందరికీ తెలుసు. అప్పు, కౌలు, వడ్డీ నెత్తి మీదుంటే ఎవరికి నిద్ర పడతది? మెదడుకు, కడుపుకు నరాల సంబంధం ఉంది. అదే పులుపు, దిగులులో ఉన్నోడికి ఎక్కువ మంటగా తెలుస్తది. పైగా దిగులులో తిండి మానేస్తం, బీడీ, మందు పెంచుతం. కాబట్టి ధర కోసం, గిట్టుబాటు కోసం అడగటం కూడా మన ఆరోగ్యం సంగతే. అందులో నాకు అనుమానం లేదు. కానీ ధర వచ్చేదాకా కడుపును కాల్చుకోవద్దు. మనసు బాగా బరువైతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతరు, పైసలు పడవు.

మన చేతిలో ఉన్నవి పైసా ఖర్చు లేనివే. పడుకునే రెండు మూడు గంటల ముందే తినండి. కళ్లం కాపలా ఉంటే అన్నం ఏడింటికే పంపమని చెప్పండి. మంచం తల వైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. తిన్నాక అరగంటన్నా వంగే పని పెట్టుకోకండి. కూలోళ్లకు, ఛత్తీస్‌గఢ్ నుంచి కోతలకు వచ్చే వాళ్లకు కూడా ఆ అరగంట ఇవ్వండి.

ఒక్కటి మాత్రం వాదనకు పెట్టకండి. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే అది గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. అది గుండె కావచ్చు. అడవి అంచు ఊళ్ల నుంచి భద్రాచలమో ఖమ్మమో పోయేసరికే ఎంత టైం పడతదో తెలుసు కదా. వెంటనే 108కు ఫోన్ చేయండి. రక్తం కక్కినా, నల్లగా తారు లాగా విరేచనమైనా అంతే, ఆగొద్దు. మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఆ వారంలోనే దవాఖానకు పోండి.

ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరు ఎన్నింటికి తింటున్నరో ఒకసారి చూడండి. చివర తినేది ఎవరో కూడా చూడండి.