టైరు గ్యారంటీకి మాట చాలదు, కాగితం కావాలి

విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల పల్లెల్లో కారు ఇప్పుడు విలాస వస్తువు కాదు. చాలా కుటుంబాలకు అద్దె కారో, రొయ్యలు మోసే వ్యానో జీవనాధారం. ఆ బండి టైరు ఏడాది తిరక్కుండా ఉబ్బిందంటే యజమానికి తిప్పలు మొదలైనట్లే. షోరూముకు వెళితే టైరు కంపెనీని అడగమంటారు. టైరు దుకాణానికి వెళితే బండి కొన్నచోట అడగమంటారు. ఇద్దరి మధ్య నలిగేది కొనుగోలుదారుడే.

ఇందులో ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. బండికి ఇచ్చే వారంటీ సాధారణంగా టైర్లకు వర్తించదు. టైరుకు దాన్ని తయారు చేసిన కంపెనీయే వేరుగా వారంటీ ఇస్తుంది. అదైనా తయారీ లోపానికే. మేకు గుచ్చుకున్నా, గుంతలో పడి తెగినా, అధిక బరువు వేసినా, గాలి చాలక పాడైనా కంపెనీ బాధ్యత వహించదు. లోపం రుజువైనా కొత్త టైరు ఊరికే రాదు. మిగిలిన బటన్ లోతును లెక్కగట్టి, ఆ మేరకే ధరలో తగ్గిస్తారు. కారు టైరు బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే ఆ టైరుకు ఆయువు తీరినట్లే. గాళ్ల మధ్య కనిపించే చిన్న గట్లు ఆ గుర్తే.

మన తీర ప్రాంతంలో మరో చిక్కు ఉంది. ఇసుకలో దిగబడకుండా గాలి తగ్గించి, తిరిగి కొట్టించకుండానే జాతీయ రహదారి ఎక్కేవారున్నారు. గాలి తక్కువైన టైరు వేగానికి వేడెక్కి, పక్కభాగం చితికిపోతుంది. రోహిణి కార్తె ఎండలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఉప్పుగాలికి రిమ్ము తుప్పు పట్టి, అంచుల నుంచి గాలి మెల్లగా పోతుంటుంది. ఇవేవీ తయారీ లోపాలు కావు. బండి చల్లగా ఉన్నప్పుడే గాలి కొలత చూసుకోవడం మన పని.

అయితే తప్పంతా వాడుకదారుడిదేనని తేల్చేయడం న్యాయం కాదు. టైరును పరీక్షించేది కంపెనీ మనిషి, తీర్పు చెప్పేదీ ఆయనే. ‘మీ వాడకం లోపం’ అని నోటిమాటగా చెప్పి పంపేస్తే రైతు ఏం చేయగలడు? అందుకే తిరస్కరణకు కారణాలు రాతపూర్వకంగా అడగాలి. రసీదు లేకుండా టైరును వదిలి రాకూడదు. టైరు చేజారితే సాక్ష్యం పోయినట్లే.

కొనేటప్పుడే జాగ్రత్త పడడం మేలు. ‘బిల్లు వద్దులే అన్నా, కలిసొస్తుంది’ అన్న మాటకు లొంగరాదు. కారు టైర్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ కాస్త మిగుల్చుకోబోయి హక్కునే పోగొట్టుకోవడం తెలివి కాదు. బిల్లు మీద టైరు నంబరు రాయించాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూడాలి. టైరు పక్కనున్న నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2325 అంటే 2025లో 23వ వారం. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న సరుకు అంటగట్టకుండా ఇది కాపాడుతుంది.

న్యాయం దూరమేమీ కాదు. 1986 నాటి వినియోగదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. టైరు చెన్నైలో కొన్నా, మన జిల్లా వాసి నెల్లూరులోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపుంటే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల గడువు మాత్రం దాటరాదు. లోపం నిగ్గు తేల్చడానికి ప్రయోగశాల పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. పొట్టకూటికి సొంతంగా బండి నడుపుకొనేవారు కూడా ఈ చట్టం దృష్టిలో వినియోగదారులే. ముందుగా సలహా కావాలంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

శ్రీసిటీ సమీపంలోని చినపండూరులో 2020 నుంచి టైర్లు తయారవుతున్నాయి. పొరుగునే తయారయ్యే వస్తువుకు షరతుల పత్రం తెలుగులో ఇవ్వడం ఏ కంపెనీకైనా పెద్ద పని కాదు. ప్రతి దుకాణంలో ఆ షరతులు అందరికీ కనిపించేలా తెలుగులో పెట్టించాలి. తిరస్కరించిన ప్రతి టైరుకూ కారణాలు రాసిన కాగితం ఇప్పించాలి. పెట్రోలు బంకుల్లో గాలి యంత్రాలు సరిగా పనిచేసేలా అధికారులు తనిఖీ చేయాలి. టైరు పేలితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, బండిలోని ప్రాణాలు కూడా. ఆ సంగతి అమ్మేవారు, కొనేవారు, అధికారులు ముగ్గురూ గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉంది.