పేరున్న డబ్బా... పేరు లేని డబ్బా

‘అన్నా, ఏ ఆయిల్ పొయ్యమంటవ్?’
‘నాకేం ఎరుక తమ్మీ? నువ్వే చెప్పరాదు.’
‘అయితే ఇది పోస్త. టీవీల వచ్చేదానికంటె వంద తక్కువ. మంచిగ నడుస్తది.’
‘సరె, కానియ్యి.’

జగిత్యాల బస్టాండు దగ్గరైనా, కోరుట్ల చౌరస్తాలోనైనా, సిరిసిల్లలో ఏ మెకానిక్ షెడ్డు ముందైనా వినిపించే మాటలే ఇవి. నాలుగు ముక్కల్లో బేరం ముగిసిపోతుంది. ఆ నాలుగు ముక్కల వెనక మాత్రం పెద్ద పోటీయే నడుస్తుంటుంది. ఒకవైపు క్రికెటర్లతో చెప్పించి, కోట్లు కుమ్మరించి పేరు తెచ్చుకున్న కంపెనీలు. మరోవైపు టీవీలో ఒక్కసారీ కనిపించని కంపెనీలు. అయినా షెడ్డు అరలో రెండు డబ్బాలూ పక్కపక్కనే కూర్చుంటాయి. అదెలా సాధ్యం? అంతకంటే ముఖ్యమైన ప్రశ్న... మన బండికి ఏది మంచిది?

ఆముదంతో మొదలు

పేరున్న డబ్బా అనగానే చాలామందికి గుర్తొచ్చేది క్యాస్ట్రాల్. ఆ పేరులో ఉన్నది మన ఆముదమే! 1899లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ లండన్‌లో పెట్టిన కంపెనీ 1909లో ఓ కొత్త ఇంజినాయిల్ తెచ్చింది. అందులో ఆముదం కలిపారు. ఇంగ్లిష్‌లో ఆముదాన్ని క్యాస్టర్ ఆయిల్ అంటారు కాబట్టి రెండు మాటలూ కుదించి క్యాస్ట్రాల్ అన్నారు. ఆ మరుసటి ఏడాదే అది మన దేశానికీ వచ్చింది.

ఇండియన్ ఆయిల్ సంస్థ 1972లో ‘సర్వో’ తెచ్చింది. ప్రభుత్వరంగ కంపెనీలకు ఊరూరా పెట్రోలు బంకులున్నాయి, వాటి ఆయిల్ అక్కడే అమ్ముడయ్యేది. బంకులు లేని క్యాస్ట్రాల్ బజారును నమ్ముకుంది. విడిభాగాల దుకాణాలు, మెకానిక్ షెడ్లే దాని బంకులయ్యాయి. 1990లలో ఆర్థిక సంస్కరణలు వచ్చి దిగుమతులు సులువయ్యాక విదేశీ పేర్లు వరసకట్టాయి. గల్ఫ్ వచ్చింది. జగిత్యాల, సిరిసిల్లల్లో గల్ఫ్ అంటే దుబాయే కానీ డబ్బా మీది గల్ఫ్‌కు దుబాయితో సంబంధం లేదు, అది అమెరికాలోని మెక్సికో సింధుశాఖ! ఆ కంపెనీ 2011లో చెన్నై సూపర్ కింగ్స్‌తో చేయి కలిపింది, ధోనీని ప్రచారకర్తగా పెట్టుకుంది. క్యాస్ట్రాల్ తన పేరిట క్రికెట్ అవార్డులే ఇచ్చింది. ఆ ఖర్చులో కొంత డబ్బా ధరలోకి వచ్చి చేరుతుందని వేరే చెప్పాలా?

బీడీ చెప్పే పాఠం

మరి పేరు లేని డబ్బాలో ఏముంటుంది? కోరుట్ల వాసులకు ఇది అర్థం చేసుకోవడం తేలిక. అక్కడ ఇంటి ముందు చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లను అడిగితే చాలు. తునికాకు ఒకటే. చుట్టే చేతులూ ఒకటే. ఒక గల్లీలో రెండు మూడు కంపెనీల బీడీలు తయారవుతాయి. తేడా వచ్చేది కంపెనీ ఇచ్చే తంబాకు మిశ్రమంలో, పైన అంటించే లేబుల్లో.

ఇంజినాయిల్ కథా అంతే. డబ్బాలో సుమారు 75 నుంచి 90 శాతం ఉండేది బేస్ ఆయిల్. చమురుశుద్ధి కర్మాగారాల నుంచో, దిగుమతిదారుల నుంచో ఎవరైనా కొనుక్కోవచ్చు. మిగతాది రసాయనాల మిశ్రమం. మసిని కడిగేవి, అరుగుదలను ఆపేవి, తుప్పు పట్టనివ్వనివి, వేడికి ఆయిల్ మరీ పలచబడకుండా చూసేవి... అన్నీ అందులోనే. ప్రపంచం మొత్తానికీ ఈ మిశ్రమాలు తయారుచేసేవి ప్రధానంగా నాలుగే కంపెనీలు... లూబ్రిజాల్, ఇన్‌ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరొనైట్. పెద్ద కంపెనీ అయినా, చిన్న కంపెనీ అయినా చాలావరకు వాటి దగ్గరికి వెళ్లాల్సిందే.

అంటే, చిన్న కంపెనీ తలచుకుంటే మంచి ఆయిల్ చేయగలదు. రసాయనాల పాలు తగ్గించి డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే అదీ చేయగలదు. పేరు లేకపోవడం తప్పు కాదు, అలాగని గొప్పా కాదు.

చిన్నవాడు పెద్దవాడిని కొనేసిన కథ కూడా ఉంది. కోల్‌కతాలో 1928లో మొదలైన టైడ్ వాటర్ ఆయిల్ కంపెనీ మన దేశంలో ‘వీడాల్’ ఆయిల్ అమ్ముతూ వచ్చింది. ఆ పేరు మీద ప్రపంచ హక్కులు మాత్రం క్యాస్ట్రాల్‌ను 2000లో కొనుక్కున్న బ్రిటిష్ పెట్రోలియం చేతిలో ఉండేవి. 2011లో కోల్‌కతా కంపెనీయే వెళ్లి ఆ హక్కులు కొనుక్కుంది. 2024లో తన పేరునే వీడాల్ కార్పొరేషన్‌గా మార్చుకుంది.

ప్రకటనలు తక్కువైతే ధర తక్కువన్న లెక్క కూడా అన్నిచోట్లా కుదరదు. జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో 1957లో పుట్టిన లిక్వి మోలీ మన టీవీల్లో కనిపించడం అరుదు. ఖరీదైన బైకులున్న కుర్రాళ్లు దాన్ని ఎక్కువ ధర పెట్టి మరీ పోయించుకుంటారు.

సాంచాకు మరక... ఇంజిన్‌కు?

సిరిసిల్లలో వేల సంఖ్యలో ఉన్న సాంచాలకూ ఆయిల్ కావాలి. ఆ ఆయిల్‌కు క్రికెటర్ల ప్రచారం అక్కర్లేదు. ఎందుకంటే, ఆయిల్ ఎలాంటిదో గుడ్డే చెప్పేస్తుంది. చుక్క చిమ్మి మరక పడిందా, ఆ గుడ్డకు ధర తగ్గుతుంది. మరక కడిగితే పోతుందా, పోదా అన్నదీ అప్పుడే తేలిపోతుంది. తప్పు వెంటనే కనిపించేచోట పేరుతో పనిలేదు. ఆసామి కళ్లే పరీక్ష.

బండి ఇంజిన్ దగ్గర ఆ వీలు లేదు. నాసిరకం ఆయిల్ పోసిన రోజు బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది. వారం తర్వాతా బాగానే ఉంటుంది. ఏడాదో, రెండేళ్లో గడిచాక పొగ మొదలవుతుంది, మైలేజీ పడిపోతుంది. ‘ఇంజిన్ బోరుకొచ్చింది’ అంటాడు మెకానిక్. అప్పటికి ఏ డబ్బా తప్పో ఎవరికి గుర్తుంటుంది? మార్చిన ప్రతిసారీ వంద చొప్పున ఏడాదికి నాలుగుసార్లు మిగుల్చుకున్నది నాలుగు వందలు. బోరు పనికి వదిలేది వేలల్లో! ఎస్సారెస్పీ కాలువ కింద యాసంగి కోతలు నడుస్తున్న రోజుల్లో ట్రాక్టర్ షెడ్డులో పడితే జగిత్యాల రైతుకు రిపేరు ఖర్చొక్కటే కాదు, సీజనే పోతుంది.

తప్పు ఇంత ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టే ఇంజినాయిల్ వ్యాపారమంతా నమ్మకం మీద నడుస్తుంది. పెద్ద కంపెనీ ఆ నమ్మకాన్ని టీవీలో కొనుక్కుంటుంది. మరి చిన్న కంపెనీ?

మెకానిక్ మాటే ప్రకటన

అది మెకానిక్ నమ్మకాన్ని అరువు తెచ్చుకుంటుంది. చిన్న కంపెనీ సేల్స్‌మన్ షెడ్డుకే వచ్చి డబ్బాలు దించుతాడు. ‘అమ్మినంక ఇయ్యి అన్నా’ అని ఉద్దెర పెడతాడు. డబ్బాకు పది రూపాయలు ఎక్కువ మిగిలేలా చూస్తాడు. మూత కింద కూపనో, ఫోనుతో గీత కొడితే పాయింట్లో ఉంటాయి. ఇప్పుడు పెద్ద కంపెనీలూ ఇదే బాట పట్టాయి.

అలాగని మెకానిక్‌ను దొంగగా చూడక్కర్లేదు. బండి చెడితే మళ్లీ అతని దగ్గరికే తెస్తారు, మాట పడేది అతనే. ఏళ్ల తరబడి ఇంజిన్లు విప్పుతున్నవాడికి ఏ ఆయిల్‌తో లోపల మడ్డి పేరుకుంటోందో, ఏది శుభ్రంగా ఉంచుతోందో తెలుస్తుంది. గల్ఫ్‌లో భారీ వాహనాలు నడిపి వచ్చిన డ్రైవర్లకూ ఆ అనుభవం ఉంటుంది. వాళ్ల మాటకు విలువ ఉంది. కాకపోతే, ఆ మాట అనుభవంతో వచ్చిందా, కూపన్‌తో వచ్చిందా అన్నది మనకు తెలియదు. అందుకే సొంతంగా ఒక పరీక్ష కావాలి.

వెనక్కి తిప్పండి

డబ్బా ముందువైపు బొమ్మ ఉంటుంది. అసలు సంగతి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ చూడాల్సినవి మూడు.

మొదటిది చిక్కదనం. 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఎంత తేలిగ్గా పారుతుందో, తర్వాతది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ‘మాదగ్గర ఎండలెక్కువ, చిక్కటిది పొయ్యి’ అనేవాళ్లున్నారు. ఇంజిన్‌లోని సందులను బట్టి కంపెనీ ఆ అంకె నిర్ణయిస్తుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏముంటే అదే పోయాలి.

రెండోది నాణ్యత గుర్తు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్... పొట్టిగా ఏపీఐ పెట్టిన గుర్తులివి. పెట్రోలు ఇంజిన్లకు ‘ఎస్’తో, డీజిలు ఇంజిన్లకు ‘సి’తో మొదలవుతాయి. పక్కనున్న అక్షరం ముందుకెళ్లేకొద్దీ కొత్తది. ఎస్ఎల్ 2001లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. ఎస్ఎఫ్ కాలం ఎప్పుడో చెల్లింది. చవగ్గా వస్తోందని తీసుకున్న డబ్బా మీద అదే ఉంటే, దించి పక్కన పెట్టడమే మంచిది.

మూడోది బైకులకు మాత్రమే... జాసో గుర్తు. కారుకు భిన్నంగా బైకులో ఇంజిన్, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది. అందుకే బైకుకు జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ రకం ఉంటుంది. ఎంత పేరున్న కంపెనీదైనా స్కూటర్ ఆయిల్‌ను బైకులో పోస్తే అది తప్పు ఆయిలే!

వీటితోపాటు తయారీదారు పూర్తి చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదు చేసేందుకు నంబరు ఉండాలి. ఇది చట్టం. చిరునామా సరిగా లేని డబ్బాను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకూడదు. గుర్తులు అచ్చు వేసుకోవడం ఎవరికైనా తేలికే కాబట్టి బిల్లు తప్పనిసరి. వారంటీ ఉన్న బండికైతే ఆ బిల్లే రేపటి సాక్ష్యం.

అసలు దొంగ వేరే

పేరు లేని డబ్బా అంటే నకిలీ డబ్బా అనుకునేవారు చాలామంది. నిజానికి నకిలీలు చేసేవాళ్లకు పేరు లేని డబ్బాతో పనేముంది? వాళ్లకు కావలసింది పేరున్న డబ్బాయే. ఖాళీ డబ్బాలు కొని, వాడేసిన ఆయిల్‌ను వడగట్టి నింపి, కొత్త మూత బిగిస్తారు. కాబట్టి టీవీలో చూసిన పేరే కదా అని కళ్లు మూసుకుని తీసుకోవడమూ ప్రమాదమే. సీలు మన కళ్లముందే విప్పించాలి. ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో ఒక పోటు పొడిపించాలి. పది సెకన్ల పని. ఆ డబ్బా మరో ఇంటి బండికి విషం మోసుకెళ్లకుండా ఆపుతుంది. అనుమానం వస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పొచ్చు.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు మెకానిక్ ‘ఏ ఆయిల్ పొయ్యమంటవ్ అన్నా’ అని అడిగితే కంపెనీ పేరు చెప్పక్కర్లేదు. ‘10డబ్ల్యూ-30, ఎస్ఎల్ గాని, ఆపైది గాని, జాసో ఎంఏ... బిల్లుతోని’ అంటూ మీ బండి పుస్తకంలో ఉన్నది చెప్పండి. అరలో ఆ మాటకు సరిపోయే డబ్బాలు రెండుంటే, అప్పుడు వంద తక్కువదే తీసుకోండి. ఆ వంద మీదే!