మృగశిర చేపల అమ్మకం: పట్టిన దగ్గర నుంచి పులుసు దాకా జాగ్రత్తలు

మృగశిర కార్తె దగ్గర పడుతోంది. బయ్యారం, గణపురం, స్టేషన్ ఘన్‌పూర్ వైపు చెరువుల్లో నీళ్లు తగ్గి వలలు పడే సమయం ఇది. చేపకు మంచి ధర పలికేది ఇప్పుడే. ఎండకు సరుకు త్వరగా చెడేదీ ఇప్పుడే.

1997లో ఐరోపా దేశాలు మన దేశపు చేపలు, రొయ్యల దిగుమతిని కొంతకాలం ఆపేశాయి. సరుకు సిద్ధం చేసే చోట శుభ్రత లేకపోవడమే కారణం. 2012లో మన దేశం నుంచి వెళ్లిన ట్యూనా చేప తురుమును పచ్చిగా తిని అమెరికాలో 425 మంది సాల్మొనెల్లా బారిన పడ్డారు.

"మనం ఉడికించే తింటాం కదా" అని మీరు అనవచ్చు. నిజమే, బాగా ఉడికితే సాల్మొనెల్లా చస్తుంది. కానీ చేప కోసిన కత్తిపీట మీదే ఉల్లిగడ్డ, కొత్తిమీర కోస్తే పచ్చి ముక్కలతో అది కడుపులోకి పోతుంది. ఎండలో గంటల తరబడి ఉన్న చేపలో కొన్ని బాక్టీరియా వదిలే విషం ఉడికించినా పోదు.

సాల్మొనెల్లా మనుషులు, పశువులు, కోళ్ల మలం నుంచి వస్తుంది. మురికి నీళ్లు, ఐసు, తట్టలు, చేతుల ద్వారా చేపకు అంటుతుంది. వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపయితే, ఒక్క క్రిమి 7 గంటల్లో 20 లక్షలు దాటుతుంది.

మీరు చేయవలసినవి:

• పచ్చి కోళ్ల ఎరువు చెరువులో వేయవద్దు. కట్ట మీద, నీటి అంచున మలవిసర్జన జరగకుండా చూడండి.
• తెల్లవారుజామునే వల వేయండి. పట్టిన వెంటనే మంచినీటితో కడగండి.
• కిలో చేపకు కిలో ఐసు లెక్కన, ఒక వరుస ఐసు, ఒక వరుస చేప పేర్చండి. కరిగిన నీరు కిందికి పోయేలా పెట్టెకు రంధ్రం ఉంచండి.
• తాగే నీటితో చేసిన ఐసే కొనండి. దాన్ని నేల మీద పగలగొట్టవద్దు.
• తట్టలు, కత్తిపీట, తక్కెడ రోజూ సబ్బుతో కడిగి ఎండబెట్టండి.
• విరేచనాలతో ఉన్నవారిని చేపలు కోయనివ్వకండి.

చేప తిన్నాక విరేచనాలు, జ్వరం వస్తే ఓఆర్‌ఎస్ తాగించండి. పసిపిల్లలను, వృద్ధులను, గర్భిణులను ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి.

ఎగుమతి సరుకుకు పరీక్షలు ఉంటాయి. ఊరి అంగట్లో మీ దగ్గర కొనేవారికి మీ శుభ్రతే భరోసా. ఒక్క ఇంట్లో జబ్బు వచ్చిందన్న మాట పాకితే, మృగశిర నాడు మీ తట్ట వైపు ఎవరూ రారు. సందేహాలుంటే మండల మత్స్యశాఖ సిబ్బందిని అడగండి.