ఆస్టోరియాలో ఒక పూట

"పోర్ట్‌లాండ్ దాకా వచ్చాం, సముద్రం చూద్దాం" అంది మా ఆవిడ. కారులో రెండు గంటలు వెళితే ఆస్టోరియా. కొలంబియా నది సముద్రంలో కలిసే చోట, పదివేల మంది ఉండే చిన్న ఊరు. కొండ మీద ఒక స్తంభం, లోపల 164 మెట్లు. నేను సగంలో కూర్చున్నాను. ఆవిడ ఆగలేదు.

నాకు ఇక్కడ వేరే పని ఉంది. ఈ ఊరి కలప మిల్లులో వందేళ్ళ కిందట పంజాబీలు పనిచేశారు. 1913లో గదర్ పార్టీ ఇక్కడి ఫిన్నిష్ సోషలిస్టు హాలులోనే పుట్టింది. గదర్ అంటే తిరుగుబాటు. మన కనిగిరి వారు దరిశి చెంచయ్యగారు కాలిఫోర్నియాలో చదువుకుంటూ అందులో చేరారు.

ఆ రోజుల్లో మా ముత్తాత ఫిజీలో గిర్మిట్ మీద చెరకు నరుకుతున్నాడు. ఐదేళ్ళ ఒప్పందం. వీళ్ళు నచ్చకపోతే ఇంకో మిల్లుకి వెళ్ళొచ్చు. ఆయన తోట వదిలి పారిపోతే జైలు.

"వీళ్ళ మీద కోపమా?" అంది ఆవిడ.

"కాదు, కుళ్ళు."

"1907లో బెల్లింగ్‌హామ్‌లో వీళ్ళనీ కొట్టి తరిమారు కదండీ!"

నిజమే. నేను మాట్లాడలేదు.

రాత్రి బసలో ఆవిడ ముత్తాత ఎమిగ్రేషన్ పాసు ఫోటో ఫోనులో మళ్ళీ తీసింది. జిల్లా: విశాఖపట్నం. ఊరి పేరు దగ్గర సిరా చెదిరింది. మొదటి అక్షరం 'క' అని ఆవిడ, 'గ' అని నేను.