స్కేలుబద్దంత యుద్ధనౌక

పిల్లల స్కూలు బ్యాగులోంచి స్కేలుబద్ద ఒకటి తీసి బల్లమీద పెట్టండి. 30 సెంటీమీటర్లది. ఇప్పుడు 196 మీటర్ల పొడవున్న ఓ యుద్ధనౌకని తెచ్చి దాని పక్కన నిలబెట్టాలి. ఎనిమిది పెద్ద ఫిరంగులు, పొగగొట్టం, లంగరు గొలుసులు, పడవలు, డెక్కు చుట్టూ రెయిలింగు... ఏదీ తగ్గకూడదు. అన్నీ అమిరాక స్కేలుబద్ద మీద ఇంకా రెండు సెంటీమీటర్లు మిగలాలి!

అదెలా కుదురుతుందంటారా? ప్రతి కొలతనీ 700తో భాగిస్తే సరి.

చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి మాత్రం నెలలు పడుతుంది. ఓపిక ఎక్కువైతే ఏళ్లు కూడా! పాతకాలపు బ్రిటిష్ యుద్ధనౌకలకు అచ్చుగుద్దినట్టు నమూనాలు చేసేవాళ్ల లోకం ఇది. ఈ ఆదివారం అందులోకి ఓసారి వెళ్లొద్దాం. తోడుగా ఒక నౌకని తీసుకుందాం. దాని పేరు వార్‌స్పైట్.

ముసలావిడ కథ

వార్‌స్పైట్‌ని నావికులు ముద్దుగా ‘ముసలావిడ’ అనేవాళ్లు. 1913 నవంబరు 26న ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్టులో నీళ్లలోకి దిగింది. 1916 మే 31న జట్లాండ్ సముద్రయుద్ధంలో సరిగ్గా శత్రువు ఎదుటికి వచ్చాక చుక్కాని బిగుసుకుపోయింది. పాపం, ఫిరంగుల వర్షంలో గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. ఒళ్లంతా తూట్లు పడ్డా మునగలేదు. ఎలాగో ఇల్లు చేరింది.

రెండో ప్రపంచయుద్ధం నాటికి దానికి పాతికేళ్లు. యుద్ధనౌకకి అది ముసలితనమే. అయినా 1940 జులై 9న మధ్యధరా సముద్రంలో ఇటలీ నౌక ‘జూలియో చెజారే’ని దాదాపు 24 కిలోమీటర్ల దూరం నుంచి కొట్టింది. విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి భీమిలిలో ఉన్నదాన్ని కొట్టడమన్నమాట. పైగా రెండు నౌకలూ పరుగులు పెడుతుండగా!

విశాఖ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో తాతలు చెప్పిన కథగా ఆ రోజు మిగిలే ఉంది. ఆ సమయానికి హిందూ మహాసముద్రంలో ఉన్న బ్రిటిష్ తూర్పు నౌకాదళానికి నాయకత్వ నౌక ఏదో తెలుసా? ఈ వార్‌స్పైటే! కానీ జపాన్ నౌకాదళం బలం ముందు ఆ దళం నిలవలేనిది. ముసలావిడ మన తీరానికి రాలేదు. ఏ ఫిరంగులని చూపించి సముద్రాలన్నీ మావేనన్నారో, ఆ ఫిరంగులు అవసరమైన రోజున మన పక్కన లేవు. బ్రిటిష్ యుద్ధనౌకల వైభవం చదివేటప్పుడు మనవాళ్లు ఈ పుట కూడా తిప్పి చూడాలి.

యుద్ధం ముగిసింది. 1947 ఏప్రిల్లో వార్‌స్పైట్‌ని తుక్కు చేయడానికి తాళ్లు కట్టి లాక్కెళుతున్నారు. దారిలో తుపాను. తాళ్లు తెగాయి. కార్న్‌వాల్ తీరంలో ప్రష్యా కోవ్ అనేచోట రాళ్లమీదికి ఎక్కి కూర్చుంది. తుక్కు యార్డుకి ఇక వెళ్లనే లేదు. చివరికి కార్మికులే ఆ తీరానికి వచ్చి, ఏళ్ల తరబడి ముక్కలు కోసి పట్టుకుపోవాల్సి వచ్చింది.

ఒక్కటీ మిగల్లేదు!

వార్‌స్పైట్ ఒక్కదాని గతే కాదిది. 1906లో ‘డ్రెడ్‌నాట్’ అనే నౌక వచ్చి ప్రపంచంలోని యుద్ధనౌకలన్నిటినీ ఒక్క దెబ్బకు పాతబరిచింది. పన్నెండు అంగుళాల ఫిరంగులు పది, ఆవిరి టర్బైన్లు, 21 నాట్ల వేగం. ఆ తర్వాత కట్టిన పెద్ద నౌకలన్నిటినీ దాని పేరుతోనే పిలిచారు. అంతటి నౌకని 1921లో తుక్కు కింద అమ్మేశారు. ఆ వరుసలో ఆఖరిదైన ‘వాన్‌గార్డ్’ 1960లో తుక్కు యార్డుకి వెళ్లింది. బ్రిటన్ పదుల సంఖ్యలో కట్టిన డ్రెడ్‌నాట్ తరహా యుద్ధనౌకల్లో ఇవాళ చూద్దామంటే ఒక్కటి లేదు!

అంతకుముందువి ఉన్నాయి. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ ఎక్కిన ‘విక్టరీ’ పోర్ట్స్‌మత్‌లో ఉంది. 1860లో నీళ్లలోకి దిగిన ఇనుప నౌక ‘వారియర్’ కూడా అక్కడే ఉంది. బ్రిటన్‌లోనే కట్టిన ‘మికాసా’ని జపాన్‌వాళ్లు యొకొసుకాలో దాచుకున్నారు. అమెరికావాళ్లు తమ ‘టెక్సస్’ని దాచుకున్నారు. బ్రిటన్ మాత్రం ఇనుము ధర చూసుకుంది. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం ముందు 15 అంగుళాల ఫిరంగులు రెండు కనిపిస్తాయి. వార్‌స్పైట్‌కి ఉన్నవీ ఆ రకానివే. అంత పెద్ద నౌకల గుర్తుగా ఆ గొట్టాలు మిగిలాయి.

మనకి ఈ బాధ తెలియనిది కాదు. ‘కురుసుర’ జలాంతర్గామిని 2002 నుంచి ఆర్కే బీచ్‌లో టికెట్ కొనుక్కుని చూస్తున్నాం. 1971 యుద్ధంలో బంగాళాఖాతాన్ని కాచిన ‘విక్రాంత్’ని మాత్రం 2014లో తుక్కుకి ఇచ్చేశాం. కురుసుర లోపల పిల్లవాడు తలవంచి నడుస్తూ అడిగే ప్రశ్నలు వేరు, విక్రాంత్ ఫొటో చూసి అడిగే ప్రశ్నలు వేరు.

నమూనాలు చేసేవాళ్ల పంతం ఇక్కడే పుడుతుంది. దేశం దాచుకోనిదాన్ని వాళ్లు బల్లమీద మళ్లీ కడుతున్నారు.

ఏ రోజు నౌక?

నమూనా మొదలెట్టే ముందు మొదటి ప్రశ్న... ఏ నౌక అన్నది కాదు, ఏ రోజు నౌక అన్నది! ఎందుకంటే నౌకలూ మనలాగే వయసుతోపాటు మారిపోతాయి. కొత్తగా వచ్చినప్పుడు వార్‌స్పైట్‌కి రెండు పొగగొట్టాలు. 1924-26 మధ్య మరమ్మతుల్లో రెండింటినీ కలిపి ఒక్కటి చేశారు. 1934-37 మధ్య దాదాపు కొత్త నౌకలా తిరగకట్టి, మధ్యలో కోటబురుజు లాంటి పెద్ద కట్టడం లేపారు. 1940 నాటి వార్‌స్పైట్ చేస్తే దానిమీద చిన్న సముద్ర విమానం పెట్టాలి. ఆ ఏడాది ఏప్రిల్ 13న నార్విక్ దగ్గర ఆ విమానమే ఓ జర్మన్ జలాంతర్గామిని ముంచింది. 1944 జూన్‌లో నార్మండీ తీరం మీద గుళ్లు కురిపించిన వార్‌స్పైట్ అయితే, నాలుగు ఫిరంగి గోపురాల్లో మూడే పనిచేస్తున్నట్టు లెక్క. అంతకుముందు ఏడాది ఇటలీలో సలెర్నో దగ్గర జర్మన్ల బాంబు చేసిన గాయం అది.

పొగగొట్టాలు 1916వీ, విమానం 1940దీ పెట్టారనుకోండి... పెళ్లినాటి చీరలో అమ్మమ్మ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చినట్టుంటుంది! అందుకే పాత ఫొటోలు భూతద్దంతో చూస్తారు. నౌక పూర్తయ్యాక ఏది ఎక్కడ బిగించారో చూపే అసలు పటాలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైం మ్యూజియం దగ్గరున్నాయి. వాటి నకళ్లు తెప్పించుకుంటారు. రంగు గురించైతే వాదనలు తెగవు. బ్రిటిష్ బూడిదరంగుల్లోనే 507ఎ ముదురు, 507సి లేత. స్వదేశ జలాల్లో ఉంటే ముదురు, మధ్యధరాకి వెళితే లేత. నలుపు తెలుపు ఫొటోలో అది ఏదో తేల్చడానికి రాత్రిళ్లు గడిపేవాళ్లున్నారు.

‘హుడ్’ నమూనా చేసేవాళ్లకి ఈ తేదీ లెక్క గుండె పిండేస్తుంది. 262 మీటర్ల ఆ మహానౌక 1941 మే 24న జర్మన్ నౌక ‘బిస్మార్క్’తో పోరాడుతూ నిమిషాల్లో పేలి మునిగిపోయింది. ఉన్నవాళ్లు 1,418 మంది. బతికినవాళ్లు ముగ్గురు. పక్కనున్న ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ నుంచి ఆ ఉదయం తీసిన ఫొటోనే హుడ్ ఆఖరి ఫొటో. ఆ రోజు నౌకని చేసేవాళ్లు దాన్నే చూసి చేయాలి. తర్వాతి ఫొటో ఉండదు.

వెంట్రుక కూడా మోకే

ఇక పనిలోకి దిగుదాం. ప్లాస్టిక్ కిట్లు దొరుకుతాయి. 1971లో జపాన్‌లో టమియా, ఔషిమా, హసెగవా, ఫుజిమి అనే నాలుగు కంపెనీలు కలిసి 1/700 కొలతలో నౌకల వరుస మొదలుపెట్టాయి. ఆ కొలత అలా స్థిరపడిపోయింది. చూపు, చోటు రెండూ ఉన్నవాళ్లు 1/350 ఎంచుకుంటారు. అందులో వార్‌స్పైట్ 56 సెంటీమీటర్లు. 1/200లో హుడ్ చేస్తే మీటరుం పావు దాటుతుంది. అప్పుడు నౌకకంటే ముందు అల్మరా కొనుక్కోవాలి!

1/700 లెక్క చూడండి. మనిషి రెండున్నర మిల్లీమీటర్లు, ఆవగింజ కన్నా ఓ వీసమెత్తు పొడుగు. 15 అంగుళాల ఫిరంగి నోరు అర మిల్లీమీటరు. దానికీ సన్నటి సూదిలాంటి డ్రిల్లుతో బెజ్జం పెడతారు. స్తంభాల మధ్య తాళ్లు కట్టాలని కుట్టుదారం వాడితే నౌక మీద 14 సెంటీమీటర్ల మందం మోకు వేలాడినట్టుంటుంది. సరే, తలవెంట్రుక పెడదామన్నా అదీ ఐదు సెంటీమీటర్ల మోకే! మరేం చేస్తారు? కిట్‌లో ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ఉంటుంది కదా, అందులో పుల్ల విరిచి కొవ్వొత్తి సెగకి కాస్త దూరంగా పట్టుకుని మెత్తబడగానే రెండు చేతులతో లాగుతారు. పాకం తీగలా సాగుతుంది. వెంట్రుక కంటే సన్నగా!

రెయిలింగులు ఇత్తడి రేకుని ఆమ్లంతో కరిగించి చేసినవి విడిగా దొరుకుతాయి. బ్లేడుతో కోసి, వంచి, ట్వీజర్లతో పట్టుకుని, సూదిమొనతో ఒక్క చుక్క జిగురు పెట్టాలి. రంగు ఎంత పల్చగా వేస్తే అంత మంచిది. పూత పదోవంతు మిల్లీమీటరు మందమైతే ఏడు సెంటీమీటర్ల ఉక్కు కవచం తొడిగినట్టే.

నేను మొదటిసారి చేసినప్పుడు జరిగింది చెప్పనా? గంటసేపు తంటాలుపడి అమర్చిన చిన్న తోపు ట్వీజర్లలోంచి ఎగిరింది. బల్లకింద పాకి వెతుకుతుంటే మా ఆవిడ వచ్చి ‘‘ఏం పోయింది?’’ అంది. ‘‘ఫిరంగి’’ అన్నాను. ‘‘పొద్దున ఊడ్చేశాను. బ్రిటిష్‌వాళ్లు మళ్లీ వస్తే చూద్దాం లెండి’’ అని వెళ్లిపోయింది.

తిండి మరిచిన శిల్పి

ఈ పిచ్చి ఎందాకా పోతుందో చెప్పడానికి నార్మన్ ఆఫ్ పేరు చాలు. 1898లో పుట్టి 1965లో కన్నుమూసిన ఈ ఆంగ్లేయుడు, బ్రిటిష్ నౌకాదళ నమూనాలు చేసినవాళ్లలో అగ్రగణ్యుడంటారు. కిట్లు లేని రోజులు. ప్రతి ముక్కా చేత్తో చేసుకోవాల్సిందే. పనిలో పడి తిండి మానేసి, నీరసంతో ఆస్పత్రి పాలైన మనిషి. డబ్బు మిగల్లేదు. కానీ ఆయన గీసిన నౌకల పటాలు ఇప్పటికీ నమూనాకారుల బల్లలమీద ఉన్నాయి. ఆయన పటం గీసిన నౌకలు ఎన్నో తుక్కయిపోయాయి. కాగితం నిలిచింది.

అంతదూరం మీరు వెళ్లక్కర్లేదు. చిన్న కిట్‌తో మొదలెట్టండి. ఇత్తడి రేకుల జోలికి మొదట్లో పోవద్దు. బ్లేడు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. జిగురు, రంగు వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. భోజనం వేళకి లేవండి! ఫిరంగుల గురించి చెప్పినంత శ్రద్ధగానే, అవి ఎవరి మీద పేలాయో, ఎవరిని కాపాడలేదో కూడా పిల్లలకి చెప్పండి.

మా వార్‌స్పైట్ పూర్తయిన రోజు మా అమ్మాయి తన స్కేలుబద్ద తెచ్చి పక్కన పెట్టి కొలిచింది. ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు. ‘‘అసలు నౌక ఎక్కడుంది నాన్నా? సెలవుల్లో చూద్దామా?’’ అంది.

‘‘లేదమ్మా. ఇక ఎక్కడా లేదు’’ అన్నాను.

కాసేపు ఆలోచించి, నమూనాని రెండు చేతులతో ఎత్తి ఫ్యాను గాలి తగలని అల్మరాలో పెట్టింది. స్కేలుబద్ద తీసుకుని హోంవర్కుకి వెళ్లిపోయింది.