ఘాజీని కదపొద్దు, కాగితాలు కదపండి

విశాఖ తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సుమారు 100 మీటర్ల లోతున పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ శిథిలాలను మన నౌకాదళం గుర్తించిందని 2024 ఫిబ్రవరిలో వార్త వచ్చింది. చూశారు, ముట్టుకోకుండా వదిలేశారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో మునిగిన ఆ నౌకలో 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. చేసింది సరైన పనే. కానీ ఆ మర్యాద అధికారుల మంచితనం మీదే నిలబడితే చాలదు. కేంద్రం ఆ చోటును యుద్ధసమాధిగా ప్రకటించాలి.

శత్రువు నౌకకు ఇంత గౌరవమా అంటారేమో. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికే ఘాజీ వచ్చింది, నిజమే. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు తరలించి మనవాళ్లు ఘాజీని బోల్తా కొట్టించారు. ఘాజీతో వైరం అక్కడితో సరి. అదే నెల 9న డయ్యూ దగ్గర మునిగిన మన యుద్ధనౌక ఖుక్రీలోనూ 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. వారి సమాధికి మనం కోరే మర్యాదే ఘాజీ సిబ్బందికీ దక్కాలి. జలాంతర్గామి చూడాలని ముచ్చటపడేవారికి విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రదర్శనకు పెట్టిన కురుసుర ఉండనే ఉంది.

అంతర్జాతీయ చట్టం కాపాడుతుందిలే అనుకోవడానికి లేదు. నీటమునిగిన వారసత్వంపై యునెస్కో 2001 ఒప్పందం కనీసం వందేళ్లు నీటిలో ఉన్నవాటికే వర్తిస్తుంది. పైగా అందులో మనం చేరనేలేదు. కాపలా లేకపోతే ఏమవుతుందో జావా సముద్రం చూపించింది. 1942లో మునిగిన డచ్చి యుద్ధనౌకలు డి రాయిటర్, జావా ఇనుము దొంగల పాలై మాయమైనట్టు 2016లో తేలింది.

రెండో మాట. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జ్ బాంబులే ఘాజీని ముంచాయని మన వాదన, సొంత మందుపాతరో లోపలి పేలుడో కారణమని పాకిస్తాన్ వాదన. 2017 నాటి తెలుగు సినిమా చూసినవారైతే మన జలాంతర్గామే ముంచిందనుకుంటున్నారు! శిథిలాలను తీసిన చిత్రాలు నౌకాదళం దగ్గరుంటే దాచడమెందుకు? ఉక్కు రేకులు లోపలికి వంగాయా, బయటికి చీలాయా అన్నది నిపుణులు చూసి చెప్పగలరు. గెలిచినవాళ్లం నిజానికి జంకాల్సిన పనిలేదు.

సముద్రమే లేని మన బీదర్‌కు ఈ గొడవెందుకంటారా? ఈ ఊరిని తీర్చిదిద్దిన బహమనీల మంత్రి మహమూద్ గవాన్ ఓడలో వచ్చి దాభోల్ రేవులో దిగినవాడే. మన వైమానిక స్థావరంలో నేటికీ యుద్ధ పైలట్లు తయారవుతున్నారు. ప్రాణం పణంగా పెట్టేవారి విలువ బీదర్‌కు ఒకరు చెప్పాలా? సమాధి ప్రకటన, చిత్రాల విడుదల రెండూ రక్షణ శాఖ చేతిలోని పనులే. వెంటనే చేయాలి.