కొడుకు దుబాయ్‌లో, నెంబరు హైదరాబాద్‌ది

గల్ఫ్‌లో పిల్లలున్న ఇళ్లలో ఇది వింతేమీ కాదు. ఫోన్ మోగుతుంది, తెర మీద ఏదో లోకల్ నెంబరు. ఎత్తిన తల్లి “వచ్చినవా బిడ్డా, చెప్పకుండనే?” అంటుంది. కొడుకు ఇంకా దుబాయ్‌లోనే ఉన్నాడు. అక్కడ వాట్సాప్ కాల్స్ సాగనివ్వరు. చవకగా దొరికిన ఏదో యాప్‌తో చేశాడు. ఆ కాల్ హైదరాబాద్ శివారు పీర్జాదిగూడ దాకా వచ్చిన దారే దొంగదారి కావచ్చు.

ఫోన్‌లో మాట వేరు, మాటకు ముందు నడిచే కబురు వేరు. ఎవరు ఎవరికి చేస్తున్నారు, గంట మోగుతోందా, ఎత్తారా, పెట్టేశారా అన్న ఈ కబురునే సిగ్నలింగ్ అంటారు. పాత ఎక్స్ఛేంజీల మధ్య ఈ పని ఎస్‌ఎస్‌7 చేస్తుంది. ఇంటర్నెట్ వైపు ఎక్కువగా సిప్ అనే ప్రోటోకాల్ చేస్తుంది. 1999లో వచ్చిన దీన్ని 2002లో తిరగరాశారు. మీరు చేసే 4జీ వోల్టీ కాల్ లోపల కూడా ఉన్నది సిప్పే. ముందు ‘ఇన్వైట్’ సందేశం వెళ్తుంది, అటు నుంచి ‘180 రింగింగ్’ వస్తుంది, ఎత్తితే ‘200 ఓకే’, పెట్టేస్తే ‘బై’. మాట మాత్రం మామూలుగా సెకనుకు 50 ముక్కలై విడిగా ప్రయాణిస్తుంది.

ఈ రెండు లోకాల మధ్య కూర్చున్న దుబాసీ గేట్‌వే. ఇన్వైట్ రాగానే దాన్ని ఎస్‌ఎస్‌7కు తెలిసిన ఐఏఎం సందేశంగా మారుస్తుంది, అటు నుంచి ఏసీఎం వస్తే రింగింగ్ అని ఇటు చెబుతుంది. తనకు చెప్పింది నిజమా కాదా అన్న విచారణ దాని పని కాదు. ‘ఎవరి నుంచి’ అన్న గడిలో పంపినవాడు ఏ నెంబరు రాస్తే, మధ్యలో ఎవరూ అడ్డుకోకపోతే, అదే మన తెర మీద పడుతుంది. 2024 అక్టోబర్ 22న కేంద్రం ఇలాంటి కాల్స్‌ను ఆపే వ్యవస్థ పెడితే మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ ఆగాయి. భారతీయ నెంబరుతో విదేశాల నుంచి వచ్చినవాటిలో ఇవి దాదాపు 90 శాతం.

సిమ్ బాక్స్ సంగతి వేరు. దానికి ఒక అద్దె గది, బ్రాడ్‌బ్యాండ్, పదులకొద్దీ సిమ్‌లు పట్టే పెట్టె చాలు. విదేశం నుంచి ఇంటర్నెట్ మీద వచ్చిన మాట ఇక్కడి సిమ్‌లోంచి లోకల్ కాల్‌గా బయటికొస్తుంది. నెంబరు అసలుదే కాబట్టి పైన చెప్పిన వ్యవస్థకు చిక్కదు. విదేశీ కాల్‌ను అందుకున్నందుకు మన కంపెనీలకు నిమిషానికి దక్కాల్సిన రుసుము, 2020 మే నుంచి 35 నుంచి 65 పైసలు, ఎగ్గొట్టడమే ఇందులో లాభం. హైదరాబాద్ పోలీసులు ఇలాంటి దొంగ ఎక్స్ఛేంజీలను ఒకటికి నాలుగుసార్లు పట్టుకున్నారు.

ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్ ఉంది, వరంగల్ రోడ్డు మీద ముందుకెళ్తే పోచారంలో ఇన్ఫోసిస్ ఉంది. ఇటువైపు కాల్ సెంటర్ ఉద్యోగాలు చేసినవాళ్లకు పాత నిబంధనలు గుర్తుండే ఉంటాయి. ఇంటర్నెట్ కాల్‌నూ ఊరి ఫోన్ లైన్‌నూ కలపకూడదు, దానికి ఎన్నో షరతులు. 2020 నవంబర్‌లో, 2021 జూన్‌లో సడలించేదాకా పద్ధతిగా నడిచే కంపెనీలు వాటికి కట్టుబడాల్సి వచ్చింది. దొంగ ఎక్స్ఛేంజీవాడు మాత్రం ఆ రెంటినీ గదిలో కూర్చునే కలిపేశాడు!

చట్టానికేం కొదవలేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెలికాం సేవలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, 2 కోట్ల దాకా జరిమానా. మోసంతో సిమ్ సంపాదిస్తే 50 లక్షల దాకా. ఆ ఏడాది డిసెంబర్ నుంచి సిమ్ అమ్మేవాళ్ల నమోదూ తప్పనిసరి చేశారు. అయినా పెట్టె నిండా సిమ్‌లు ఎలా దొరుకుతున్నాయి? రోడ్డు పక్క గొడుగు కింద వేలిముద్ర వేయించుకున్న కుర్రాణ్ని పట్టుకుంటే సరిపోదు. పొద్దంతా ఒకే టవర్ కింద కదలకుండా, చేయడమే తప్ప ఎత్తడం లేని సిమ్‌ను గుర్తించడం కంపెనీకి చేతకాని పనా? బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే మనకు మెసేజ్ పంపే కంప్యూటర్లే కదా అవి. దొంగ ఎక్స్ఛేంజీ దొరికిన ప్రతిసారీ అందులోని సిమ్‌లు అమ్మిన కంపెనీకీ జరిమానా పడాలి.

టులెట్ బోర్డు పెట్టిన పీర్జాదిగూడ, బోడుప్పల్ యజమానులకు ఒక మాట. మనిషి ఉండని గదికి పెద్ద బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ ఎందుకని అడగండి. విదేశీ కాల్ లోకల్ నెంబరుతో వస్తే 1963కు చెప్పండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో ఈ వారమే చూసుకోండి.